అంగారకుని మచ్చు - అంబరపు తిత్తి

అంగారక గ్రహమున జెజెరో యను బిలప్రదేశమునందు 2021 ఫిబ్రవరి 18వ తేదీన దిగిన అమెరికావారి పర్సివరెన్సు శకటము అచ్చటి రాళ్లను తొలిచి, టైటానియము లోహపు గొట్టములలో మచ్చులను నింపుచు వచ్చినది. అందు 10 గొట్టములను 2023 జనవరి నాటికి ఒకచోట నేలపైననే క్రమముగా పరచి యుంచినది. 2024 జులైలో చెయావా ఫాల్స్ అను శిలనుండి తీసిన మచ్చునందు ప్రాచీనకాలపు సూక్ష్మజీవుల జాడ కాదగిన లక్షణములు కలవని 2025 సెప్టెంబరులో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కాదగును అనిరే కాని యగునని యనలేదు. ఔనో కాదో తేలవలెనన్న ఆ మచ్చు భూమిమీది ప్రయోగశాలకు రావలయును. దానిని తెచ్చు పథకమో, నేడు దిక్కు తోచని స్థితిలో నున్నది.

ఈ పథకమునకు 1100 కోట్ల డాలర్ల వరకు వ్యయమగుననియు, 2040వ సంవత్సరమునకు గాని మచ్చులు చేరవనియు, ఇంత ధనము, ఇంత కాలము తమకు సమ్మతము కావనియు 2024 ఏప్రిలులో నాసా సంస్థ అధిపతి బిల్ నెల్సన్ ప్రకటించెను. 2025లో అమెరికా ప్రభుత్వము తన బడ్జెట్టు ప్రతిపాదనలో దీనిని రద్దుచేయ దలచినది. 2026 జనవరిలో అచ్చటి కాంగ్రెసు సభయు ఉన్న రూపమున ఈ పథకమును సమర్థింపలేదు. ఇంతలో చైనావారు తియన్‌వెన్-3 అను పేర 2028 ప్రాంతమున తమ నౌకలను పంపి అంగారకుని మన్ను తెచ్చుటకు సన్నద్ధులగుచున్నారు.

ఇంద్రేశమునందు, పటాన్‌చెరువునందు, సంగారెడ్డియందు ఈ పత్రికను చదువు గృహస్థునకు అంగారకుని రాళ్లతో నేమి పని యని ప్రశ్న పుట్టవచ్చును. పని యున్నదని మేము చెప్పుచున్నాము. గొప్ప దేశము వెనుదీసిన భారమును మొత్తముగా మనము భుజముపై వేసికొనవలెనని మా యుద్దేశము కాదు. అట్టి మాట అవివేకము. కాని యా మహాకార్యమున ఒక చిన్న అంగము కలదు. కక్ష్యలో తిరుగు మచ్చు బరిణెను మెత్తగా పట్టుకొను ఉపకరణమే యది. ఆ పనికి వలయు నేర్పులో సగము హైదరాబాదు నగరమున ఏబది యేండ్లకు పైగా నిలిచి యున్నది. మిగిలిన సగము ఈ పారిశ్రామిక ప్రాంతమున పెంపొందగలదు. పెంపొందునా, లేదా యనునదే నేటి విచారణ.

మొదట పని స్వరూపమును తెలిసికొందము. అంగారకునినుండి నేరుగా భూమికి ఎగురు రాకెట్టును అక్కడకు మోసికొని పోవుట మిక్కిలి భారమైన పని. కావున చిన్న రాకెట్టు ఒకటి మచ్చు గొట్టములున్న బరిణెను ఆ గ్రహము చుట్టు కక్ష్యలో వదలిపోవుననియు, ఐరోపావారి నౌక యొకటి దానిని వెదకి పట్టుకొని భూమికి మరలుననియు ఏర్పాటు చేసిరి. ఆ బరిణె బాస్కెట్‌బాలు బంతియంత మాత్రమే. దానికి ఇంజను లేదు. తన్ను తాను నిలుపుకొనలేదు, త్రిప్పుకొనలేదు. పట్టవచ్చిన చేతికి సహకరింపజాలని వస్తువది. సమాంతరముగా నున్న రెండు పట్టాలపై ఒకే వేగమున పరుగిడు రెండు రైలుబండ్ల నడుమ చెంబు నందిచ్చుట ఎట్టిదో, ఈ పనియు నట్టిదే. నేలనుండి చూచువానికి రెండును మహావేగముతో పోవుచున్నవి. ఒకదానినుండి యొకటి చూచినపుడు మాత్రము కదలిక సెకనుకు కొన్ని సెంటీమీటర్లే. అయినను అపాయ మచ్చటనే యున్నది. గాలి లేని చోట తాకిడికి అడ్డు లేదు. సెకనుకు 5 సెంటీమీటర్ల వేగమున బరిణె వెనుకకు తూలినచో గంట గడచునప్పటికి 180 మీటర్ల దూరమున నుండును. ఒక్క పొరపాటు తాకిడితో కోట్ల వ్యయము, ఏండ్ల శ్రమ చీకటిలో కలిసిపోవును.

చంద్రునినుండి మచ్చులు వచ్చినవి కదా యని యడుగవచ్చును. 1970లో సోవియట్టువారి లూనా-16 నౌక 101 గ్రాముల చంద్రమృత్తికను తెచ్చినది. అది నేరుగా భూమికి మరలినదే కాని కక్ష్యలో దేనిని పట్టుకొనలేదు. 2020 డిసెంబరులో చైనావారి చాంగె-5 చంద్రకక్ష్యలో మనుష్యుడు లేకయే రెండు నౌకలను కలిపి, 1731 గ్రాములను భూమికి చేర్చినది. 2024 జూన్‌లో చాంగె-6 చంద్రుని ఆవలి ముఖమునుండి 1935 గ్రాములను తెచ్చినది. ఇవి శ్లాఘనీయములైన విజయములు. కాని ఆ రెండింటను కలిసిన నౌకలు రెండును కన్నులు గలవి, చేతులు గలవి. కన్నును చేయియు లేని బరిణెను పరగ్రహ కక్ష్యలో పట్టుట ఇంతవరకు ఎవరును చేసి యుండలేదు.

అమెరికావారు తమ గొడ్డార్డు కేంద్రమున రూపొందించిన ఏర్పాటు ప్రధానముగా గట్టి లోహపు అమరిక. దానికి ప్రత్యామ్నాయముగా ఇంజనీర్లు తలపెట్టినది ఊదిన ఉబ్బు తిత్తి. మడిచి చిన్న పెట్టెలో నుంచిన బట్టపొరల గొట్టము అంతరిక్షమున వాయువుతో నిండి వెడల్పైన నోటిని తెరచును. బరిణె లోనికి రాగానే నోరు ముడుచుకొనును. మన మోటబావులపై తోలు మోటను చూచినవారికి దీని యుక్తిని వేరుగ చెప్ప నక్కరలేదు. బావి రాతికి తగిలి గట్టి పాత్ర సొట్టబడును. తోలు తొండము వంగి సర్దుకొని నీటిని పైకి తెచ్చును. మెత్తనిది దెబ్బను మ్రింగును, గట్టిది దెబ్బను తిరుగగొట్టును. అదియుగాక రాకెట్టులో బరువునకును చోటునకును వెల మిక్కుటము. మడిచిన బట్ట కొద్ది చోటనే యిమిడి, విప్పినపుడు పెద్ద వాకిలి యగును. వాకిలి పెద్దదైనకొలది గురి తప్పు భయము తగ్గును.

ఉబ్బు వస్తువులు రోదసికి క్రొత్తవి కావు. 1960 ఆగస్టు 12న అమెరికావారు పంపిన ఎకో-1 అను 100 అడుగుల వ్యాసముగల పలుచని బుడగ రేడియో తరంగములను భూమికి త్రిప్పి పంపినది. 1965 మార్చి 18న అలెక్సీ లియొనోవ్ మానవులలో ప్రథముడై రోదసిలో అడుగిడినపుడు ఆయన వెడలిన ద్వారము ఊదిన గొట్టమే. 1997 జులై 4న పాత్‌ఫైండర్ అంగారకునిపై గాలిసంచులతో దుమికినది. 2016లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు బీమ్ అను ఉబ్బు గది జతపడినది. మనవారును వెనుకబడలేదు. 2022 సెప్టెంబరు 3న తుంబా కేంద్రమునుండి రోహిణి-300 రాకెట్టుపై, విక్రమ్ సారాభాయ్ కేంద్రమువారు కెవ్లార్ బట్టకు పాలీక్లోరోప్రీను పూత పూసి చేసిన ఉబ్బు సాధనమును పంపి, 84 కిలోమీటర్ల యెత్తున విప్పి, గాలిని అడ్డుకొని వేగము తగ్గించు దాని శక్తిని పరీక్షించిరి. మడత, వాయువు, విప్పుట యను మూడు మెట్లను మన ఇంజనీర్లు నాడే ఎక్కి చూచిరి.

తిత్తికి లోపములు లేవని మేము చెప్పము. ఆవగింజంత ఉల్కాకణము చాలును, చిల్లు పడుటకు. నెలల తరబడి మడతలో నున్న బట్ట మడతనే జ్ఞాపకముంచుకొని సరిగా విప్పుకొనకపోవచ్చును. ఘోరమైన చలికి పొర పెళుసెక్కును. అతుకులలో ఏ యొక్కటి కారినను వాయువు శూన్యములో కలియును. ఈ దోషములకు విరుగుడుగా, ఉబ్బిన పిదప ఎండసోకి గట్టిపడు జిగురును, సాగి బిగిసి తన రూపును తానే నిలుపుకొను అల్యూమినియపు పొరలును పరిశీలింపబడినవి. అయినను ఈ లోపముల పట్టికను చూచినచో పాఠకులకు ఒక్క విషయము స్ఫురింపక మానదు. ఇవన్నియు పలుచని పొరను కోయుటలో, మడచుటలో, అతుకుటలో నేర్పునకు సంబంధించినవి. అది చేతిపని. ఆ చేతిపని మన ముంగిట నున్నది.

టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రము 1969 మొదలుకొని హైదరాబాదున పనిచేయుచున్నది. వ్యవసాయదారుడు పంటమీద కప్పు ప్లాస్టికు కాగితముకంటె ఎన్నియో రెట్లు పలుచని పాలిథీను పొరలను పొడవైన పట్టీలుగా కోసి, వేడితో అంచు నంచునకు అతికి, మహాబుడగలను అచ్చటనే తయారుచేయుచున్నారు. విశ్వకిరణములను, దూరనక్షత్రముల ఎక్స్ కిరణములను పరిశీలించు యంత్రములు ఈ బుడగలపై ఎక్కి ఆకాశపు పై యంచుల వరకు పోయి, గాలిగొడుగులతో మన జిల్లాల పొలములలో దిగుచుండును. వింతవస్తువు దొరికినచో ముట్టవలదు, తెరువవలదు, అధికారులకు తెలుపుడని సంగారెడ్డి, వికారాబాదు మొదలగు జిల్లాల ప్రజలను ఆ సంస్థవారు పత్రికాముఖమున కోరుట మన పాఠకులకు పరిచితమే. 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లా మొగిలిగుండ్ల గ్రామమున స్పెయినుదేశపు కంపెనీవారి పరీక్షాపేటిక యొకటి ఈ విధముగనే దిగగా, జనులు తండోపతండములుగా పోయి చూచిరి. ఆకాశమునుండి పేటిక దిగుట మనకు పురాణకథ కాదు, పొలము గట్టున జరిగిన సంగతి.

అందులో 2005 ఏప్రిల్ 20నాటి ప్రయోగము ఈ విచారణకు ప్రాణము వంటిది. ఆనాడు 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగుల బెలూను 459 కిలోగ్రాముల సామగ్రితో హైదరాబాదునుండి లేచినది. ఆ సామగ్రిలో లోని గాలిని తీసివేసి, సూక్ష్మజీవి మిగులకుండ శుద్ధిచేసిన 16 ఉక్కు కలశములుండెను. 38 కిలోగ్రాముల ద్రవ నియాను వానిని చల్లబరచెను. 20 కిలోమీటర్లు మొదలు 41 కిలోమీటర్ల యెత్తు వరకు వేర్వేరు మెట్టులలో ఆ కలశములు గాలిని త్రాగి మూతలు మూసికొనినవి. అవి గాలిగొడుగుతో క్రిందికి దిగగా, హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునను, పుణెలోని జాతీయ కణవిజ్ఞాన కేంద్రమునను పరీక్షించిరి. భూమిమీద అంతకు మున్ను ఎరుగని మూడు బాక్టీరియా జాతులు బయటపడినవని 2009 మార్చిలో ఇస్రో ప్రకటించినది. ఒకదానికి ఫ్రెడ్ హోయల్ పేర, ఒకదానికి ఇస్రో పేర, ఒకదానికి ఆర్యభటుని పేర నామకరణము చేసిరి.

ఆ ప్రకటనలో మమ్ము మిక్కిలి ఆకర్షించినది నామకరణము కాదు, నిగ్రహము. ఈ జీవులు అన్యలోకములనుండి వచ్చినవని ఈ ప్రయోగము రుజువు చేయలేదని వారే స్పష్టముగా చెప్పిరి. అంత గొప్పమాట అను అవకాశము నాలుకపై నుండగా అనకుండుటకు ధైర్యము వలయును. ఆ ధైర్యము వారికి ఎక్కడినుండి వచ్చినది? కలశము శుద్ధి యెంతవరకు, మూత బిగువు ఎంతవరకు, పరీక్ష విలువ ఎంతవరకు అని లెక్క కట్టుకొనుటనుండియే వచ్చినది. అంగారకుని బరిణె విషయమునను ఇదియే ధర్మము. అక్కడి ధూళి వెలుపలికి అంటిన బరిణెను నేరుగా భూమికి తేరాదు. వెలుపలి ధూళి రేణువైనను భూమి గాలిని తాకకుండునట్లు దానిని మరియొక పాత్రలో పెట్టి మూయవలయును. 1967నాటి అంతరిక్ష ఒడంబడిక 9వ అధికరణము ప్రకారము హానికర కల్మషము నివారించుట సంతకము చేసిన ప్రతి రాజ్యమునకు విధి. భారతదేశము అందులో నొకటి. తిత్తి యనగా పట్టుకొను చేయి మాత్రమే కాదు, అంటును ఆపు మొదటి తెర కూడ కాగలదు.

ఇక మన దేశపు కార్యక్రమమును చూతము. 2024 సెప్టెంబరు 18న కేంద్ర మంత్రివర్గము చంద్రయాన్-4కు 2104 కోట్ల 6 లక్షల రూపాయల వ్యయమున అనుమతి నిచ్చినది. చంద్రుని మన్నును భూమికి తెచ్చుట దాని లక్ష్యము. అందుకు మెట్టుగా 2024 డిసెంబరు 30న శ్రీహరికోటనుండి స్పేడెక్స్ పేర 220 కిలోగ్రాముల ఉపగ్రహములు రెండింటిని పంపి, 2025 జనవరి 16న కక్ష్యలో కలిపి, మార్చి 13న విడదీసిరి. ఆ ఉపగ్రహముల కూర్పును, పరీక్షలను హైదరాబాదువారి అనంత్ టెక్నాలజీసు సంస్థ తన బెంగుళూరు కర్మాగారమున జరిపినది. అదే రాకెట్టు నాలుగవ అంచెపై, దారమునకు కట్టిన తునకను యంత్రహస్తముతో పట్టు పరికరమును సయితము ఇస్రోవారు పంపిరి.

నౌకలను కలుపు విద్య వచ్చినది కదా, తిత్తితో నేమి పని యని కొందరు వాదింతురు. చంద్రయాన్-4 వరకు ఆ వాదము సరియైనదే. చంద్రుని మన్నునకు అంటుభయము లేదు, నౌకలు రెండును సహకరించును. కాని దూరగ్రహములకు పోవునపుడు రెండవ నౌకకు ఇంజనులు, కన్నులు, బ్యాటరీలు ఈయగల బరువు మనకు దొరకదు. అదియుగాక సహకరింపని వస్తువులు భూకక్ష్యలోనే వేలకొలది తిరుగుచున్నవి. పాడైన ఉపగ్రహములు, రాకెట్టు శకలములు బ్రతికియున్న ఉపగ్రహములకు ముప్పు తెచ్చుచున్నవి. వానిని మెత్తగా పట్టి దింపగల తిత్తి అంగారకుని పథకము జరిగినను జరుగకున్నను అక్కరకు వచ్చును. పేదదేశమున కిది విలాసమనువారికి మా సమాధానమును ఇదియే. మనము పంపిన ఉపగ్రహములే తుపానులను తెలుపుచున్నవి, చెరువులను కొలుచుచున్నవి. వాని త్రోవను శుభ్రపరచుట విలాసము కాదు.

పటాన్‌చెరు ప్రాంతము విషయమున మా మాట కొంత కటువుగా నుండక తప్పదు. ఇచ్చట లేనిది లేదు. కందిలో 2008లో స్థాపితమైన సాంకేతిక విద్యాసంస్థ యున్నది. ఎద్దుమైలారమున సైనిక వాహనముల కర్మాగారము, భానూరున క్షిపణుల కర్మాగారము, రామచంద్రాపురమున భారీ విద్యుత్పరికరముల కర్మాగారము గలవు. నగరమున టైటానియమును, ప్రత్యేక ఉక్కులను కరిగించు మిధాని కలదు. 1972లో వెలసిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ పటాన్‌చెరువుననే జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మచ్చులను లక్షకు పైగా, గాలి తీసిన అల్యూమినియము సంచులలో ముద్రవేసి, సున్నకు 20 డిగ్రీల దిగువ చలిలో దాచియున్నది. మచ్చు ననగా నేమి, సంచి మూత యనగా నేమి యని నేర్చుకొనుటకు అంగారకునిదాక పోనక్కరలేదు, ఇంద్రేశమునుండి కొలది దూరము పోయిన చాలును.

కాని యీ ప్రాంతమే, మూయవలసినదానిని మూయలేకపోవుటలోను ప్రపంచమునకు ఉదాహరణమైనది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికేంద్రమునుండి వెడలు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను ఔషధము లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు నుండెనని స్వీడను శాస్త్రజ్ఞులు 2007లో ప్రచురించిరి. రోగి నెత్తురులో నుండదగినదానికంటె అది అధికము. నక్కవాగు వెంట పొలములు గలవారికి ఈ కథ అంకెలు లేకయే తెలియును. 2025 జూన్ 30న పాశమైలారమున ఒక ఔషధ కర్మాగారము ప్రేలి 40 మందికి పైగా కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. ధూళి యేది, వేడి యేది, వాయువు ఎచ్చట నుండవలెను అను లెక్క తప్పిన చోట మనుష్యుడు మిగులడు. రేణువును సయితము దాటనీయని తిత్తిని కుట్టగల చేయియు, విషజలమును వాగులోనికి దాటనీయని చేయియు వేర్వేరు కావు. ఒకే క్రమశిక్షణ యది. ఒకచోట అలవడినచో రెండవచోటికి ప్రాకును. ఒకచోట సడలినచో రెండవచోటను నిలువదు.

ఇంద్రేశము పరిసరములందు భూమి వెల పెరిగినది. పొలము ప్లాట్లైనది. భూస్వామి చేతికి ధనము వచ్చినది. ఆ ధనమునకు మరల భూమి తప్ప దారి కనబడుట లేదు. కర్మాగారములలో మన గ్రామముల బిడ్డలకు దొరకునది ఎక్కువగా మూటలు మోయు పని, కాపలా పని. భూమి ఒక్కసారియే అమ్ముడగును. నేర్పు దినదినమును అమ్ముడైనను తరుగదు. ఈ సత్యమును గ్రహించువరకు పరిశ్రమ మన యూరిలో నుండును కాని మనది కాజాలదు.

కావున మేము కోరునవి మూడు. మొదటిది, ఇస్రోవారు రాకెట్టు నాలుగవ అంచెను ప్రయోగవేదికగా వాడు పద్ధతిని ఉపయోగించుకొని, చిన్న బంతిని వదలి ఉబ్బు తిత్తితో మరల పట్టు ప్రయోగమును విద్యాసంస్థలకు, చిన్న పరిశ్రమలకు ప్రకటింపవలయును. ఆ రాకెట్టు 2025 మేలోను, 2026 జనవరిలోను వరుసగా రెండుమార్లు విఫలమైన మాట నిజము. దోషము నివారించిన పిదపనే ఈ పని జరుగవలయును. కాని తిత్తిని రూపొందించి నేలపై పరీక్షించుటకు రాకెట్టు కొరకు వేచియుండ నక్కరలేదు. రెండవది, బెలూను కేంద్రపు అనుభవజ్ఞులను, కంది విద్యాసంస్థను ఒక త్రాటిపైకి తెచ్చి, పలుచని పొరల కోత, మడత, అతుకులను పారిశ్రామిక శిక్షణ సంస్థల విద్యార్థులకు నేర్పు శాల నొకదానిని రాష్ట్ర ప్రభుత్వము ఈ ప్రాంతమున నెలకొల్పవలయును. బెలూనులు అతికిన చేతులు ముదిమి పాలు గాకమున్నే ఆ విద్య క్రిందివారికి చేరవలయును. మూడవది, ఈ ప్రాంతపు ప్రతి కర్మాగారమున భద్రతా తనిఖీల ఫలితములను తెలుగున ప్రజలయెదుట నుంచవలయును. మూతబిగువును గౌరవింపని చోట అంతరిక్ష పరిశ్రమ నిలువదు.

ధనవంతులైన మన పాఠకులకు ఒక్క మనవి. ఎకరమునకు వచ్చిన ధనమున ఒక పాలు గ్రామపు పిల్లల చేతిపనికి, పాఠశాల ప్రయోగశాలకు వెచ్చింపుడు. అంగారకుని మచ్చును ఎవరు తెత్తురో నేడు చెప్పజాలము. అమెరికా మరల పూనుకొనవచ్చును, చైనా ముందుగా చేరవచ్చును. ఎవరు తెచ్చినను, బరిణెను జారవిడువని చేయి కావలసియే యుండును. ఆ చేయి మన బిడ్డలది కావలెనన్న, దానికి పని నేర్పు గడువు ఇదియే.